పొట్ట తగ్గడం వేరు, పొట్ట కండ గట్టిపడడం వేరు: ఎవరికి ఏ వ్యాయామం?

నా ప్యాంటు సైజు పదేళ్లపాటు 34 దగ్గరే ఉంది. అందుకే నాకు పెద్దగా పొట్ట రాలేదనే నమ్మకంతో ఉండేవాణ్ని. ఒకసారి ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టారు. నర్సు నడుము చుట్టూ టేపు తిప్పి 98 సెంటీమీటర్లని రాసుకుంది. పొరపాటేమోనని మళ్లీ కొలవమన్నాను. మళ్లీ అదే వచ్చింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడితే సంగతి అర్థమైంది. పొట్ట పెరిగేకొద్దీ నేను ప్యాంటును కిందికి జార్చుకుంటూ వచ్చాను. బెల్టు పొట్ట కిందకి చేరింది, సైజు మాత్రం మారలేదు. మగవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే.

అందుకని ఏ వ్యాయామం మంచిదని అడిగేముందు ఒక టేపు తెచ్చుకోండి. కుట్టుమిషన్ డబ్బాలో ఉండే మెత్తటి టేపు చాలు. పొద్దున్నే పరగడుపున, చొక్కా తీసి నిలబడండి. చివరి పక్కటెముక ఎక్కడ ఆగిందో వేలితో తడిమి చూడండి. తుంటి ఎముక పైఅంచు ఎక్కడుందో కూడా చూడండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. ముందు ఎంత ఎత్తులో ఉందో వెనక కూడా అంతే ఎత్తులో ఉండాలి, ఇది ఒక్కరే చూసుకోవడం కష్టం కాబట్టి ఇంట్లో ఎవరినైనా పిలవండి. పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలాక అంకె చూడాలి. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. మనవాళ్లకు హద్దు మగవాళ్లయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లయితే 80. అంగుళాల్లో చెప్పాలంటే దాదాపు 35న్నర, 31న్నర.

యూరప్ మగవాళ్లకు ఈ హద్దు 94 సెంటీమీటర్లు. మనకు తక్కువ పెట్టడానికి కారణం ఉంది. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్‌కి చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తునిబట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువుండడం మన శరీర తత్వంలో ఉంది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన కుర్రాళ్లు మన ఊళ్లలో కనిపించేది అందుకే. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 39.5 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు హద్దు దాటింది.

ఇంకో పరీక్ష కూడా చేసుకోండి. కూర్చుని పొట్టను వేళ్లతో పట్టుకోండి. చేతికి మడతగా వచ్చేది చర్మం కింద ఉన్న కొవ్వు. అలా పెద్దగా చేతికి రాకుండా, పొట్ట కుండలా గట్టిగా ముందుకొచ్చి ఉంటే, ఎక్కువ భాగం లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరిన కొవ్వు. షుగరుకీ, ఫ్యాటీ లివరుకీ, గుండెజబ్బుకీ దగ్గరి సంబంధం ఈ లోపలిదానికే. అయితే వ్యాయామం మొదలుపెడితే సాధారణంగా ముందు కరిగేది కూడా ఇదే. బరువు తూచే మిషన్ మీద అంకె పెద్దగా కదలకపోయినా నడుము కొలత తగ్గడం చాలామంది చూసే ఉంటారు. బయటి మడత మాత్రం చాలా మొండిది, ముఖ్యంగా బొడ్డు కింద ఉన్నది. ఎక్కువమందికి అది ఆఖరున గానీ పోదు.

ఈ రెండు కొవ్వులూ కాక మూడోది కండ. పొట్ట మీద నిలువుగా ఉండే కండ, పక్కల ఏటవాలుగా ఉండే కండలు, అన్నిటికన్నా లోపల నడికట్టులా చుట్టుకుని ఉండేది ఒకటి. "పొట్ట తగ్గాలి, కండ తేలాలి" అని ఒక్క మాటలో అనేస్తాం కానీ అవి రెండు వేర్వేరు పనులు. రెంటికీ ఒకే వ్యాయామం సరిపోదు. నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నది ఈ తేడా తెలియకే.

క్రంచెస్, సిట్‌అప్స్

నర్సు కొలిచిన మర్నాడే మా ఇంటి దగ్గర జిమ్‌లో చేరాను. పొట్ట తగ్గించాలని చెప్పగానే అక్కడి ట్రైనర్ నేల మీద పడుకోబెట్టి రోజుకి వంద క్రంచెస్, యాభై సిట్‌అప్స్ అన్నాడు. ఒళ్లు వంచి చేశాను. నాలుగు నెలల తర్వాత వంద క్రంచెస్ ఆయాసం లేకుండా చేసేవాణ్ని, కొలత మాత్రం 97. పైగా నడుం కింద కుడిపక్క ఒక నొప్పి పట్టుకుంది. చెప్పులు వేసుకోవడానికి వంగితే పొడిచినట్టుండేది. "పొట్ట మీద పని పడితేనే పొట్ట కరుగుతుంది సార్" అన్న అతని మాట నేను నమ్మాను. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు.

అది నిజం కాదని అమెరికాలో 2011లో అచ్చయిన ఒక చిన్న పరిశోధన చూపించింది. 24 మందిని తీసుకుని, వాళ్లలో ఒక జట్టుతో ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. చేసినవాళ్లకి ఎక్కువ క్రంచెస్ చేసే ఓపిక పెరిగింది. పొట్ట కొవ్వులో మాత్రం చెయ్యనివాళ్లతో పోలిస్తే తేడా రాలేదు. అంతకు చాలా ముందు, 1971లో, టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులూ కొలిచి చూశారు. రాకెట్ పట్టే చేతిలో కండ ఎక్కువుంది, చర్మం కింద కొవ్వు మాత్రం రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంది. ఏళ్ల తరబడి ఒకే చెయ్యి వాడినా ఆ చేతి కొవ్వు ప్రత్యేకంగా కరగలేదు. కారణం ఏమిటంటే, పనిచేసే కండ తన పక్కనున్న కొవ్వునే పట్టుకుని తినదు. ఒళ్లంతా ఉన్న కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది, కండ అందులోంచి తీసుకుంటుంది. ఎక్కడి కొవ్వు ముందు కరగాలన్నది మీ పుట్టుక, వయసు, హార్మోన్లు నిర్ణయిస్తాయి.

ఖర్చు లెక్క చూసినా అంతే. 70 కేజీల మనిషి పది నిమిషాలు ఆపకుండా క్రంచెస్ చేస్తే ఖర్చయ్యేది 40 కేలరీల పైచిలుకు. ఒక కేజీ కొవ్వులో ఉండేది సుమారు 7,700.

సిట్‌అప్స్ సంగతి ఇంకో రకం. పూర్తిగా లేచి కూర్చునే సిట్‌అప్‌లో నడుము దగ్గర వెన్నుపూసల మీద సుమారు 3,300 న్యూటన్ల ఒత్తిడి పడుతుందని కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ లెక్కగట్టాడు. అంటే 330 కేజీల పైన బరువు మోసినంత. అమెరికా నౌకాదళం 2021లో, సైన్యం 2022లో తమ ఫిట్‌నెస్ పరీక్షల్లో కింద చెప్పబోయే ప్లాంక్‌కి మారాయి. రోజంతా కుర్చీలో ముందుకు వంగి పనిచేసేవాళ్లు మళ్లీ అదే వంపును రోజుకి వందసార్లు వంచడం నాకు అస్సలు నచ్చదు. చెయ్యాలనుకుంటే పూర్తి సిట్‌అప్స్ మానేసి, భుజాలు మాత్రం నేల నుంచి కొద్దిగా లేపే క్రంచెస్ వారానికి రెండు మూడు రోజులు చేసుకోండి. కండకి అవి పనికొస్తాయి. కొవ్వు తగ్గిస్తాయని మాత్రం ఎదురుచూడొద్దు.

ప్లాంక్, దాని తోడు వ్యాయామాలు

పొట్ట కండ అసలు పని వంగడం కన్నా వెన్నును కదలకుండా పట్టి ఉంచడం. నిండు నీళ్ల బిందె ఒక చంకన పెట్టుకుని నడిచే మనిషిని చూడండి, ఒళ్లు ఆ పక్కకి ఒరిగిపోకుండా ఆపుతున్నది నడుము పక్క కండలే. ప్లాంక్ ఆ పనినే నేర్పుతుంది.

మోచేతులు సరిగ్గా భుజాల కింద పెట్టండి. కాళ్లు చాపి వేళ్ల మీద ఆనండి. ఇప్పుడు పిరుదుల్ని బిగించండి, ఎవరో పొట్ట మీద గుద్దబోతున్నట్టు పొట్టను గట్టి చెయ్యండి, మోచేతుల్ని కాలివేళ్ల వైపు లాగుతున్నట్టు నేలను నొక్కండి. ఇలా సరిగ్గా చేస్తే పదిహేను ఇరవై సెకన్లకే ఒళ్లు వణుకుతుంది. నడుం కిందికి జారిన క్షణం ఆపెయ్యాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, నడుం జారిపోయినా పళ్లు బిగించి మూడు నిమిషాలు వేలాడేవాళ్లని జిమ్‌లో రోజూ చూస్తాను. అప్పుడు బరువంతా నడుము కీళ్ల మీద పడుతుంది, కండ మీద కాదు. పది సెకన్లు బిగించి పట్టడం, ఆగడం, మళ్లీ పది సెకన్లు, ఇలా ఆరేడుసార్లు చాలు.

దీనికి మరో రెండు చేర్చుకోండి. ఒకటి పక్కకి తిరిగి ఒక మోచేతి మీద లేచే సైడ్ ప్లాంక్. కొత్తవాళ్లు మోకాళ్లు మడిచి చేయొచ్చు. రెండోది చేతులూ మోకాళ్ల మీద నిలబడి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపే బర్డ్ డాగ్. నడుం మీద టీ గ్లాసు పెడితే ఒలకనంత నిలకడగా చెయ్యాలి. నా నడుంనొప్పి తగ్గింది సిట్‌అప్స్ ఆపి ఈ మూడూ పట్టుకున్నాకే. రోజుకి పది నిమిషాలు కూడా పట్టవు. అయితే ఇవీ కండకే. వీటితో కొవ్వు తగ్గదు.

నడక

కొవ్వు తగ్గించే పనికి వస్తే, మనలో నూటికి తొంభై మందికి నేను మొదట చెప్పేది నడకే. కానీ ఏ నడక అన్నది ముఖ్యం. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో, విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే చూడండి. రోజూ గంట నడిచి కూడా అదే పొట్టతో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లు ఎందరో ఉంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి రాజకీయాలు మాట్లాడుకుంటూ, ఫోన్లు ఎత్తుతూ, నడక అయ్యాక గేటు దగ్గర టిఫిన్. స్నేహానికి, మనసుకి అది మంచిదే, నేను కాదనను. పొట్టకి ఆ వేగం చాలదు.

నిమిషానికి కనీసం 100 అడుగులు పడాలి. ఒక నిమిషం టైమర్ పెట్టుకుని లెక్కపెట్టి చూడండి, మీ వేగం మీకే తెలుస్తుంది. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అదీ గుర్తు. 70 కేజీల మనిషి ఆ పైవేగంతో ముప్పావుగంట నడిస్తే సుమారు 220 కేలరీలు ఖర్చవుతాయి. ఒక పెద్ద సమోసా అంతకు తక్కువేం ఉండదు. నడిచొచ్చి టిఫిన్ సెంటర్లో కూర్చుంటే లెక్క ఎటు పోతుందో దీన్నిబట్టి చూసుకోవచ్చు.

లోపలి కొవ్వు మీద నడక, జాగింగ్ లాంటి ఆయాసం తెప్పించే (ఏరోబిక్) వ్యాయామాలే బాగా పనిచేస్తాయని నమ్మడానికి ఆధారం ఉంది. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో ఎనిమిది నెలలపాటు ఒక జట్టుతో ఏరోబిక్ వ్యాయామం, ఇంకో జట్టుతో బరువుల వ్యాయామం, మూడో జట్టుతో రెండూ చేయించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. పేగుల చుట్టూ కొవ్వు, కాలేయంలో కొవ్వు తగ్గించడంలో బరువుల కన్నా ఏరోబిక్ వ్యాయామం మెరుగ్గా పనిచేసింది. ఫ్యాటీ లివర్ అని స్కానింగ్ రిపోర్టు వచ్చినవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

రాత్రి భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు వీధిలో నడవడం షుగరు ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా మంచిది. అన్నం తిన్నాక పైకి ఎగిసే షుగర్‌ని అది తగ్గిస్తుంది. మా అత్తగారికి 67 ఏళ్లు, పదకొండేళ్లుగా షుగరు. ఆవిడ పొద్దున నడవలేరు, మోకాళ్లు పట్టేస్తాయి. రాత్రి మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడు రౌండ్లు తప్పరు. ఆ వయసులో అంతకన్నా మంచి వ్యాయామం నేను చెప్పలేను.

నడక తేలికైపోయిందనిపిస్తే పరుగుకి మారేముందు ఎత్తు ఎక్కండి. ఫ్లైఓవర్, గుడి మెట్లు, అపార్ట్‌మెంట్ మెట్లు ఏవైనా సరే. తిరుమలకి అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే కానీ నిటారుగా ఉంటుంది. మెట్లెక్కేటప్పుడు మోకాళ్ల మీద ఒత్తిడి పరుగులో కన్నా తక్కువ, గుండెకి పని మాత్రం బాగా పడుతుంది. దిగేటప్పుడే మోకాళ్లకి జాగ్రత్త.

పరుగు, స్కిప్పింగ్, సైకిల్, ఈత

వీటిలో ఏది మంచిదని వాదించుకోవడం దండగ. సమయం తక్కువుండి, బరువు మరీ ఎక్కువ లేకపోతే పరుగు. నిమిషాల లెక్కన తీసుకుంటే స్కిప్పింగ్‌కి మించి కేలరీలు ఖర్చుచేసేవి కొన్నే ఉన్నాయి. కానీ 85, 90 కేజీలున్న మనిషి మొదటిరోజే గచ్చు మీద తాడాట మొదలుపెడితే మడమ నొప్పో, మోకాలి నొప్పో వచ్చి రెండు వారాల్లో అంతా ఆగిపోతుంది. అలాంటివాళ్లకి సైకిలు, ఈత మేలు. ఊళ్లో చెరువు, కాలువ ఉండి ఈత వచ్చినవాళ్లు అదృష్టవంతులు.

హిట్, టబాటా

కాసేపు పూర్తి శక్తితో చేసి, కాసేపు ఆగి, మళ్లీ చెయ్యడాన్ని హిట్ అంటారు. "నాలుగు నిమిషాల్లో పొట్ట మాయం" అంటూ ఫోన్‌లో వచ్చే వీడియోల మూలం జపాన్‌లో ఉంది. ఇజుమి టబాటా అనే పరిశోధకుడు 1996లో అచ్చువేసిన ప్రయోగంలో 20 సెకన్లు పూర్తి శక్తితో సైకిల్ తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. చేసినవాళ్లు వ్యాయామానికి అలవాటుపడ్డ యువకులు. వాళ్లు అక్కడ పెట్టిన శక్తి మామూలుగా మనిషి పట్టగలిగే ఏరోబిక్ హద్దుని ఎప్పుడో దాటిపోయింది. పైగా ఆ ప్రయోగం కొలిచింది దమ్ముని, పొట్టని కాదు. మనం హాల్లో చేసే నాలుగు నిమిషాల బర్పీలకీ (నేల మీదికి వంగి, కాళ్లు వెనక్కి చాపి, లేచి గెంతడం) దానికీ పోలిక లేదు.

అలాగని హిట్ పనికిరానిదని అనను. మామూలు జాగింగ్‌తో పోల్చిచూసిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే కొవ్వు తగ్గడంలో రెండూ ఇంచుమించు సమానం. హిట్‌లో మిగిలేది సమయం. రాత్రి షిఫ్టుల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి, ముప్పై ఏళ్ల లోపువాళ్లకి, వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు బాగానే సరిపోతుంది. నలభై దాటి, బీపీ ఉండి, పదేళ్లుగా ఒళ్లు కదల్చనివాళ్లు మాత్రం దీంతో మొదలుపెట్టకూడదు. ముందు మూడు నెలలు నడవండి, డాక్టర్ని అడగండి, తర్వాత చూద్దాం.

బరువులు

మనవాళ్లు అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేది దీన్నే. ముఖ్యంగా ఆడవాళ్లు. బరువులెత్తితే మగవాళ్లలా కండలు వచ్చేస్తాయన్న భయంతో గులాబీరంగు ఒక కేజీ డంబెల్ పట్టుకుని ఏళ్లు గడిపేస్తారు. అంత తేలిగ్గా కండ రాదమ్మా. మగ హార్మోన్ ఒంట్లో దండిగా ఉన్న కుర్రాళ్లే రెండేళ్లు కష్టపడి నాలుగు కేజీల కండ పెంచుకోలేక అవస్థపడుతుంటారు.

బరువులు ఎందుకంటే, తిండి తగ్గించి బరువు తగ్గేటప్పుడు పోయేది కొవ్వు ఒక్కటే కాదు. వ్యాయామం లేకపోతే తగ్గిన బరువులో పావువంతు దాకా కండే అయ్యుండొచ్చు. మనకి అసలే కండ తక్కువ. మొహం పీక్కుపోయి, చేతులు సన్నబడి, పొట్ట మాత్రం మెత్తగా వేలాడుతూ మిగిలిన మనుషుల్ని మీరు చూసే ఉంటారు. కడుపు మాడ్చుకుని తగ్గినవాళ్లే వాళ్లు. బరువులు చేస్తూ తగ్గితే కండ నిలుస్తుంది, పోయేది కొవ్వవుతుంది. నాకు 98 నుంచి 89కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఒంట్లో బరువు తగ్గింది ఆరు కేజీలే.

జిమ్ లేకపోయినా పర్వాలేదు. మన వ్యాయామశాలల్లో, తాలింఖానాల్లో ముందునుంచీ ఉన్న దండీలు, బస్కీలు ఇవే. దండీలో ఛాతీ, భుజాలు, పొట్ట కండ అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. మంచం అంచు మీదో, వంటింటి గట్టు మీదో చేతులు పెట్టి మొదలుపెట్టి, ఓపిక వచ్చేకొద్దీ నేల మీదికి దిగండి. బస్కీలకి ఒక కుర్చీ పెట్టుకుని, దాని మీద కూర్చోబోయి, పిరుదులు తాకగానే లేవండి. మడమలు నేల వదలకూడదు. అది తేలికయ్యాక పది లీటర్ల నీళ్ల క్యాన్ రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని చెయ్యండి. క్యాన్ ముందుకు లాగుతుంటే నడుం వంగకుండా ఆపేది పొట్టే. అప్పుడు పొట్ట కండకి పడే పనిని నేను ఏ క్రంచ్‌లోనూ చూడలేదు. ఒక చేత్తో మాత్రమే బరువు పట్టుకుని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి నడవడం కూడా అలాంటిదే. వారానికి రెండు రోజులు, రోజుకి ముప్పావుగంట చాలు. ఒక సెట్టు అయ్యేసరికి ఇంకో రెండు మూడు తప్ప చెయ్యలేననిపించేంత కష్టం ఉండాలి. పదిహేను సులువుగా దాటుతుంటే బరువు పెంచాలి.

యోగా గురించి అడిగేవాళ్లు ఎక్కువ. సూర్యనమస్కారాలు ఆపకుండా, కాస్త వేగంగా ఇరవై నిమిషాలు చేస్తే చెమట పడుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అది మంచి వ్యాయామమే. నాలుగు రౌండ్లు చేసి లేస్తే కీళ్లు వదులవుతాయి, అంతవరకే. కపాలభాతి పొట్టను లోపలికి కొడుతుంది కాబట్టి కొవ్వుని కొడుతుందని అనుకుంటారు. టెన్నిస్ చెయ్యి సంగతి ఇక్కడా వర్తిస్తుంది. గర్భిణులు, బీపీ అదుపులో లేనివాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, పొట్టకి ఆపరేషన్ అయినవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు.

చెమట బెల్టులూ కరెంటు బెల్టులూ డబ్బు దండగ. చెమట బెల్టుతో పోయేది నీరు, రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొస్తుంది. కూర్చున్నచోటే పొట్ట తగ్గుతుందని కరెంటు బెల్టులు అమ్మినవాళ్ల మీద అమెరికా ప్రభుత్వ సంస్థే 2002లో తప్పుడు ప్రకటనల కేసులు పెట్టింది.

ఇప్పుడు ఎవరికి ఏది

నలభైల్లో ఉండి, కుర్చీ ఉద్యోగం, కొలత 95 పైన, షుగరు అంచున ఉన్నవాళ్లు: వారానికి ఐదు రోజులు ముప్పావుగంట వేగంగా నడక, రెండు రోజులు బరువులు, రోజూ పడుకునేముందు ప్లాంక్, సైడ్ ప్లాంక్, బర్డ్ డాగ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన వారానికి 150 నుంచి 300 నిమిషాల లెక్కలో ఇది పడుతుంది. అంత సమయం లేదు, వారానికి మూడు గంటలే అంటే, బరువులు రెండు రోజులు ఉంచుకుని నడకను తగ్గించండి, నడక కోసం బరువుల్ని తీసెయ్యొద్దు. ఇందులో నాతో ఏకీభవించని ట్రైనర్లున్నారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల విషయంలో నేనూ వాళ్లవైపే, వాళ్లకి నడకే ముందు.

సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ఉన్న కుర్రాళ్లు పరుగులు తీసి ఇంకా సన్నబడొద్దు. మీకు కావలసింది కండ. వారానికి మూడు రోజులు బరువులు, రోజూ గుడ్లో పప్పో పెరుగో చికెనో పూటపూటా ఉండేలా తిండి. సిక్స్‌ప్యాక్ కావాలంటే కూడా దారి ఇదే. మగవాళ్లలో ఒంటి కొవ్వు సుమారు 10, 12 శాతానికి దిగితే గానీ ఆ గీతలు బయటపడవు. ఆడవాళ్లు అంత దిగడం ఆరోగ్యానికే మంచిది కాదు, నెలసరి ఆగిపోవచ్చు. గీతలు ఆరు వస్తాయా నాలుగా అన్నది పుట్టుకతో వచ్చేది, ఎంత చేసినా మారదు.

కాన్పు అయినవాళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. "బిడ్డ పుట్టి ఏడాదైంది, ఇంకా ఐదో నెల కడుపులా ఉంది" అని మా చెల్లెలు ఏడ్చింది. చుట్టాలు నడికట్టు కట్టుకోలేదని దెప్పడం, తను ఫోన్ చూసి రోజుకి యాభై క్రంచెస్ చెయ్యడం. అసలు సంగతి, గర్భంలో పొట్ట మధ్య నిలువు కండలు రెండూ పక్కలకి విడిపోతాయి. కొందరికి కాన్పు తర్వాత అవి సరిగ్గా దగ్గరకి రావు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొద్దిగా లేపి, బొడ్డు పైనా కిందా వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కండి. రెండు వేళ్ల కన్నా ఎక్కువ సందు దొరికినా, తల లేపినప్పుడు పొట్ట మధ్యలో గుడి గోపురంలా పైకి పొడుచుకొచ్చినా క్రంచెస్, పూర్తి ప్లాంక్ ఆపెయ్యాలి. అవి ఆ సందుని మరింత తోసే అవకాశం ఉంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి, ఊపిరితో లోపలి కండను బిగించడం నుంచి మొదలుపెడతారు. అది కొవ్వు కాదు కాబట్టి కడుపు మాడ్చుకుంటే పోదు. పాలిచ్చే తల్లి అసలు ఆ పని చెయ్యకూడదు. మా చెల్లెలికి ఐదు నెలలు పట్టింది.

అరవై దాటినవాళ్లకి అద్దంలో పొట్ట కంటే కింద కూర్చుని ఏ ఆసరా లేకుండా లేవగలగడం ముఖ్యం. కుర్చీ బస్కీలు, గోడ దండీలు, భోజనం తర్వాత నడక.

తిండి గురించి ఇక్కడ ఎక్కువ రాయను, అది మరో వ్యాసం. ఒక్కటే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలని ఉంది. మన పళ్లెంలో ముప్పాతిక అన్నమే ఉంటుంది. అన్నం మానక్కర్లేదు. కూర గిన్నెలోంచి వేసుకునే గరిటెను అన్నానికి, అన్నం హస్తాన్ని కూరకి మార్చండి. నేను మొదలుపెట్టింది అలాగే.

ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున, అదే టేపుతో, అదే చోట కొలవండి. మధ్యలో రోజూ కొలుచుకుంటూ టెన్షన్ పడొద్దు, రాత్రి తిన్న ఉప్పుకే రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. పన్నెండు వారాలు నిజంగా చేసి కూడా కొలత కదలకపోతే, వ్యాయామం మార్చే ముందు వారం రోజులు తిన్నవన్నీ, టీలతో సహా, కాగితం మీద రాయండి. అందులోనూ ఏమీ దొరక్కపోతే థైరాయిడ్, షుగర్, ఆడవాళ్లయితే పీసీఓఎస్ పరీక్షలకి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రిపోర్టులు వచ్చేదాకా నడక మాత్రం ఆపకండి.